రోబోలతో ఏఐ పాఠం: పది లక్షలకు ఒక పెద్ద రోబో కొనాలా, అరవై చిన్నవి కొనాలా?

మేడమ్, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ కళాశాలలో కృత్రిమ మేధ శాఖ రెండో సంవత్సరంలో 60 మంది ఉన్నారు. యాజమాన్యం పది లక్షల రూపాయలు కేటాయించింది. మనిషి ఆకారంలో ఉండి మాట్లాడే రోబో ఒకటి కొంటే తనిఖీలకు వచ్చేవారి ముందూ, ప్రవేశాల సమయంలో తల్లిదండ్రుల ముందూ బాగుంటుందని వారి ఆలోచన. దానితో పాఠం ఎలా చెప్పాలన్నది మీ సందేహం. మీరు చదివింది కంప్యూటర్ సైన్సు కాబట్టి వైర్లూ మోటర్లూ మీకు చేతనవుతాయా అన్న బెరుకు కూడా మీ మాటల్లో కనిపించింది. నేను ఇంజనీరింగ్ కళాశాలల్లో ఇరవై రెండేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. అందులో చివరి పద్నాలుగేళ్లు ఏఐ ప్రయోగశాలను రోబోలతోనే నడుపుతున్నాను. నా జవాబు కొంచెం పొడవు, ఓపిక చేసుకుని చదవండి.

ముందుగా, ఆ పెద్ద రోబో కొనవద్దు. గతంలో నేను పనిచేసిన ఒక కళాశాలలో అలాంటిదే కొన్నారు. దాన్ని ముట్టుకోవాలంటే విభాగాధిపతి అనుమతి కావాలి, తాళం ల్యాబ్ అసిస్టెంట్ దగ్గర ఉండేది, పాడైతే బాగుచేయించడానికి డబ్బు లేదు. రెండేళ్లలో దాని మీద ప్రోగ్రాం రాసిన పిల్లలు నలుగురో ఐదుగురో. మిగతావాళ్లు దాని పక్కన నిలబడి ఫొటోలు దిగారు. ఆ సొమ్ముతో తరగతి మొత్తానికి చేతికొక రోబో ఇవ్వగలిగేవాళ్లమని తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

రోబోతో బోధన ఫలించాలంటే ఒకే ఒక షరతు ఉంది: ఆ రోబో పిల్లవాడితో పాటు హాస్టల్ గదికి వెళ్లాలి. ఇది నా సొంత సిద్ధాంతం అనుకోకండి. అమెరికాలో కొలరాడోలోని వైమానిక దళ అకాడమీలో 2000 దశకం మొదట్లో బారీ ఫాగిన్, లారెన్స్ మెర్కిల్ అనే ఇద్దరు అధ్యాపకులు ఏడాది పొడవునా ఒక పరిశీలన చేశారు. మొదటి ప్రోగ్రామింగ్ కోర్సులో కొన్ని సెక్షన్లకు లెగో ముక్కలతో కట్టే మైండ్‌స్టార్మ్స్ రోబోలతో, మిగతా సెక్షన్లకు మామూలు పద్ధతిలో ప్రయోగశాల నడిపి, 800 మందికి పైగా విద్యార్థులకు ఒకే పరీక్ష పెట్టి పోల్చారు. రోబోలతో నేర్చుకున్న సెక్షన్లకే మార్కులు తగ్గాయి. వారు దాన్ని దాచకుండా ప్రచురించారు. కారణం కూడా ఆలోచించి చెప్పారు: రోబోలు ప్రయోగశాలలోనే ఉండిపోయాయి. మామూలు సెక్షన్ల పిల్లలు రాత్రి తమ గదిలో ప్రోగ్రాం రాసి, నడిపి, తప్పు చూసి, దిద్దుకుని, మళ్లీ నడపగలిగారు. రోబో సెక్షన్ల పిల్లలకు ఆ అవకాశం ప్రయోగశాల గంటల్లోనే దొరికింది. రోబోలు కొనాలనుకునే ప్రతి కళాశాలా ముందు ఈ సంగతి తెలుసుకోవాలని నా కోరిక.

తర్వాత 2006లో జార్జియా టెక్, బ్రిన్ మార్ కళాశాల కలిసి మైక్రోసాఫ్ట్ సాయంతో ఒక సంస్థను ఏర్పాటు చేసి, మొదటి కంప్యూటింగ్ కోర్సునే రోబో చుట్టూ అల్లాయి. అక్కడ విద్యార్థి పాఠ్యపుస్తకం సమకూర్చుకున్నట్టే స్క్రిబ్లర్ అనే చిన్న రోబోను సమకూర్చుకునేవాడు. బ్లూటూత్‌తో ల్యాప్‌టాప్‌కు కలిపి పైథాన్ భాషలో ప్రోగ్రాం రాసి ఆడించుకునేవాడు. ఎవరి రోబో వారిదే. మనం వెళ్లవలసిన దారి ఇదే.

ఇక ఏం కొనాలంటారా? రెండు చక్రాల చాసిస్, పసుపు రంగు బీవో (బ్యాటరీతో నడిచే) మోటర్లు రెండు, బోర్డు ఆజ్ఞ ప్రకారం మోటర్లకు కరెంటు అందించే మోటర్ డ్రైవర్ ఒకటి, రోబోకు మెదడుగా పనిచేసే ఆర్డుయినో ఊనో లేదా ఈఎస్‌పీ32 బోర్డు, అల్ట్రాసోనిక్ సెన్సర్, గీతను గుర్తించే ఐఆర్ (పరారుణ) సెన్సర్లు, చక్రం ఎంత తిరిగిందో లెక్కపెట్టే చీలికల పళ్లెం, రెండు బ్యాటరీ సెల్‌లు. నేను చివరిసారి కొన్నప్పుడు ఇదంతా ఒక్కొక్కరికి రెండు వేల లోపే వచ్చింది. అరవై కిట్లు, వాటికి విడిభాగాలు, పది మల్టీమీటర్లు, నాలుగు టంకం సెట్లు కొన్నా మీ పది లక్షల్లో సగం కూడా కాదు. మిగిలినదాంతో మూడో సంవత్సరం వాళ్లకు రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్, కెమెరా ఉన్న రోబోలు నాలుగైదు తీసుకోవచ్చు.

రెండు జాగ్రత్తలు చెబుతాను. అందరూ వాడే ఎల్298ఎన్ డ్రైవర్ బ్యాటరీ వోల్టేజీలో దాదాపు 2 వోల్టులు తనే తినేస్తుంది. 7.4 వోల్టులు ఇస్తే మోటరుకు చేరేది ఐదున్నరే. ధర కొంచెం ఎక్కువైనా టీబీ6612 రకం డ్రైవర్ కొనండి. ఇక 18650 లిథియం సెల్‌లు. వీటిని మంచం మీద చార్జింగు పెట్టి నిద్రపోకూడదని పిల్లల చేత మొదటి రోజే సంతకం చేయించండి. రక్షణ సర్క్యూట్ లేని సెల్‌లు, పేరూ ఊరూ లేని చార్జర్లు అసలు కొనకండి. ఈ ఒక్క విషయంలో డబ్బు ఆదా చేయాలని చూడవద్దు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. రోబో వల్ల ఏఐ పాఠానికి ఏం ఒరుగుతుంది? మన పిల్లలు ఇంటర్ నుంచీ ఒక అలవాటుతో వస్తారు. లెక్కకు జవాబు ఒకటే ఉంటుంది, అది వెనక పేజీలో ఉంటుంది. ప్రోగ్రాం కూడా అంతే, ఒకసారి సరిగా నడిస్తే ఎప్పుడూ సరిగానే నడుస్తుంది. రోబో ఆ నమ్మకాన్ని మొదటి గంటలోనే కదిలిస్తుంది. ఒకే ప్రోగ్రాం, ఒకే రోబో, ఒకే నేల. ఐదుసార్లు నడిపితే ఐదు చోట్ల ఆగుతుంది. అలా ఎందుకు ఆగిందని పిల్లవాడు అడిగిన క్షణమే ఏఐ మొదలైనట్టు. సంభావ్యత, అంచనా, నేర్చుకోవడం అన్నవన్నీ ఆ ప్రశ్నకు మనుషులు వెతుక్కున్న జవాబులే. ఆ ప్రశ్న కలగకముందే బోర్డు మీద జవాబులు రాస్తే పిల్లలు వాటిని కంఠస్థం చేసి, పరీక్షలో రాసి, మరిచిపోతారు.

అందుకే నా మొదటి ప్రయోగం చాలా చిన్నది. రోబోను 2 మీటర్లు నేరుగా నడపండి, అంతే. ముందు లెక్క కట్టిస్తాను. చక్రం వ్యాసం 65 మిల్లీమీటర్లు, అంటే ఒక చుట్టుకు దాదాపు 20.4 సెంటీమీటర్లు. పళ్లెంలో 20 చీలికలు ఉంటాయి కాబట్టి ఒక్కో చీలిక సుమారు ఒక సెంటీమీటరు. 196 చీలికలు లెక్కపెట్టి ఆపితే సరిగ్గా రావాలి. నడిపే ముందు నోటుపుస్తకంలో రాయాలి: ఎక్కడ ఆగుతుంది, ఎంత పక్కకు పోతుంది. దాదాపు అందరూ పక్కకు పోదనే రాస్తారు. తర్వాత నడుపుతారు. రోబో ఎడమకో కుడికో ఒరిగిపోతుంది. అప్పుడు బోర్డు దగ్గరికి పిలిచి ఈ లెక్క చేయిస్తాను: రెండు చక్రాల మధ్య దూరం 13 సెంటీమీటర్లు, ఒక చక్రం రెండోదానికన్నా నూటికి ఒక వంతు ఎక్కువ దూరం పోయిందనుకుందాం. 2 మీటర్లకు తేడా 2 సెంటీమీటర్లు. దాన్ని 13తో భాగిస్తే 0.154 రేడియన్లు, అంటే దాదాపు 9 డిగ్రీల మలుపు. రోబో చివరికి 15 సెంటీమీటర్లు పక్కన తేలుతుంది. నూటికి ఒక వంతు పొరపాటు రోబోను అంత దూరం పక్కకు లాగేసిందని వాళ్లే లెక్క కట్టి, నేల మీద టేపుతో కొలిచి చూసుకున్నప్పుడు ఆ ముఖాల్లో కనిపించే ఆశ్చర్యం కోసమే నేను ఇన్నేళ్లుగా ఈ ప్రయోగం మార్చలేదు.

ఆ నోటుపుస్తకం గురించి ఇంకొంచెం చెప్పాలి. రోబోను కదిలించే ముందు ఏం జరుగుతుందో రాయడం, జరిగాక ఏం జరిగిందో పక్కనే రాయడం, తేడాకు కారణం ఊహించడం, ఆ ఊహను పరీక్షించడం. పెన్నుతోనే రాయాలి, కొట్టివేతలు ఉండవచ్చు, చింపకూడదు. మన రికార్డుల్లో అందరివీ ఒకే అంకెలు ఉంటాయని మనందరికీ తెలుసు. సీనియర్ రికార్డు చూసి రాసినవి కదా. ఈ పుస్తకంలో అలా కుదరదు. ఏ రెండు రోబోలూ ఒకేలా ఒరగవు.

రెండో వారం అల్ట్రాసోనిక్ సెన్సర్. ఇది 40 కిలోహెర్ట్జ్ శబ్దాన్ని పంపి, ప్రతిధ్వని వచ్చేవరకు పట్టిన సమయాన్ని బట్టి దూరం చెబుతుంది. ఇంటర్నెట్‌లో దొరికే చాలా ప్రోగ్రాముల్లో శబ్ద వేగం సెకనుకు 343 మీటర్లు అని ఉంటుంది. అది 20 డిగ్రీల ఉష్ణోగ్రతకు లెక్క. ఏప్రిల్‌లో మన ఏసీ లేని ప్రయోగశాలలో 40 డిగ్రీలుంటే వేగం దాదాపు 355కు చేరుతుంది. మీటరు దూరంలోని గోడను సెన్సర్ 97 సెంటీమీటర్ల దగ్గర ఉందని చెబుతుంది. ఇది చిన్న తప్పు, దిద్దుకోవచ్చు. అదే గోడను ఏటవాలుగా చూస్తే శబ్దం అద్దం మీది వెలుగులా అవతలికి జారిపోయి, గోడే లేదంటుంది. కర్టెన్ అయితే శబ్దాన్ని మింగేస్తుంది. ఇరవై రోబోలు ఒకేసారి నడిస్తే ఒకదాని ప్రతిధ్వని మరొకటి వింటుంది. పిల్లల చేత ఒక్కో స్థితిలో వంద కొలతలు తీయించి పట్టీల చిత్రం (హిస్టోగ్రాం) గీయించండి. ఈ తప్పుల్లో కొన్ని సగటు తీస్తే పోతాయి, కొన్ని ఎన్నిసార్లు సగటు తీసినా పోవు. ఈ తేడా తెలిసినవాడికి తర్వాత మెషీన్ లెర్నింగ్‌లో బయస్ (ఒకే వైపు లాగే తప్పు), వేరియన్స్ (కొలత కొలతకూ మారే చెదురు) అంటే వేరే వివరించనక్కర్లేదు.

తర్వాత అన్వేషణ. ఇక్కడ కొంచెం ఆగుతాను, నాకు అన్నిటికన్నా ఇష్టమైన అధ్యాయం ఇది. అతి తక్కువ ఖర్చుతో గమ్యం చేరే దారిని వెతికే ఏ-స్టార్ అల్గారిథంను మనం ఊళ్ల పటం మీదో, ఎనిమిది పలకల ఆట మీదో చెబుతాం. అది పుట్టింది రోబో కోసమని చెప్పం. స్టాన్‌ఫర్డ్ పరిశోధనా సంస్థలో 1966 నుంచి 1972 వరకు షేకీ అనే రోబోను తయారు చేశారు. అది గదుల మధ్య దారి వెతుక్కోవాలి. ఆ అవసరం కోసం హార్ట్, నిల్సన్, రాఫెల్ 1968లో ప్రచురించినదే ఏ-స్టార్. ప్రణాళికల అధ్యాయంలో మనం చెప్పే స్ట్రిప్స్ అనే పద్ధతి కూడా ఆ రోబో పనిలోంచే వచ్చింది. ఈ కథ చెప్పాక పిల్లల్ని నేల చూడమంటాను. మా ప్రయోగశాల నేల మీద రెండడుగుల టైల్స్ ఉన్నాయి. బల్లలు జరిపితే 8 నిలువు, 6 అడ్డం, మొత్తం 48 గడులు. అట్టపెట్టెలు అడ్డం పెట్టి, ఒక మూల నుంచి ఎదుటి మూలకు రోబోను పంపమంటాను.

ఒక ఏడాది ఒక అమ్మాయి ప్రోగ్రాం అందరికన్నా ముందు పూర్తి చేసింది. తెర మీద దారి చక్కగా వచ్చింది. నేల మీద మాత్రం రోబో మూడోసారి తిరిగేసరికే గడి దాటి పెట్టెను గుద్దుకుంది. ఆమె పుస్తకంలో రాసుకున్నది చూశాను. ఆమె దారి మెట్ల మాదిరిగా ఉంది: ఒక గడి ముందుకు, ఒక గడి పక్కకు, మళ్లీ ముందుకు. ప్రతి మలుపులోనూ రోబో ఐదారు డిగ్రీలు తప్పుతోంది. అడ్డంకులు లేని నేల మీద ఆ రెండు మూలల మధ్య 12 కదలికల దారులు 792 ఉంటాయి, ఏ-స్టార్‌కు అవన్నీ సమానమే. రోబోకు కాదు. ఆమె ఆలోచించి, ప్రతి మలుపుకూ మూడు గడుల ఖర్చు అదనంగా వేసింది. దారి కొంత మెరుగైంది కానీ ఒక్కోచోట ఇంకా విచిత్రమైన మలుపులు తిరుగుతోంది. కోడ్‌లో తప్పు వెతుకుతూ రెండు రోజులు గడిపింది. నేను జవాబు చెప్పలేదు, ఒక్క ప్రశ్న అడిగాను: ఒకే గడికి తూర్పు ముఖంగా చేరడం, ఉత్తర ముఖంగా చేరడం రెండూ ఒకటేనా?

కాసేపు టైల్ వైపు చూసింది. తర్వాత తనే ఆ గడిలో నిలబడి ఒకసారి ఇటు, ఒకసారి అటు తిరిగింది. గడి ఒక్కటే స్థితి కాదు, గడీ దిక్కూ కలిపితేనే స్థితి. 48 గడులు కాస్తా 192 స్థితులయ్యాయి. గడికి తక్కువ ఖర్చుతో చేరిన దారిని మాత్రమే ఉంచుకోవడం వల్ల, సరైన దిక్కుతో చేరిన దారిని ప్రోగ్రాం పారేస్తోంది. మరి గమ్యానికి ఇంకెంత ఖర్చు మిగిలిందో ఏ-స్టార్ ఊహించుకునే పాత అంచనా సూత్రం, అంటే మిగిలిన అడ్డం నిలువు గడుల లెక్క, ఇంకా చెల్లుతుందా అని తనే అడిగింది. చెల్లుతుంది, ఎందుకంటే మలుపుల ఖర్చు దారిని పెంచుతుందే గాని తగ్గించదు, కాబట్టి ఆ అంచనా ఎప్పుడూ అసలు ఖర్చును మించదు. ఈ మాట కూడా చివరికి తనే చెప్పింది. స్థితిని ఎలా నిర్వచించాలి, అంచనా ఎప్పుడు నమ్మదగినది అన్న ఈ రెండూ సిలబస్‌లో ఒక్కో వాక్యం. వాటిని పుస్తకంలో చదివి అర్థమైందనుకున్నవాళ్లు ఎందరో. ఆ అమ్మాయి వాటిని పాదాలతో నేర్చుకుంది.

సంభావ్యతకు వచ్చేసరికి రోబోను కొంచెం సేపు పక్కన పెట్టి కాగితం పట్టాలి. గుండ్రంగా తిరిగి మొదటికి వచ్చే బాటలో 10 గడులు, అందులో 1, 2, 5 గడుల దగ్గర తలుపులు ఉన్నాయనుకోండి. సెన్సర్ నూటికి 80 సార్లు నిజం చెబుతుంది. రోబోకు తనెక్కడుందో తెలియదు, పది గడులకూ సమానంగా నూటికి పది. తలుపు కనిపించిందని సెన్సర్ చెప్పింది. కొత్త ఆధారం దొరికినప్పుడు అవకాశాల అంచనాను సవరించే బేయిస్ సూత్రం వేస్తే తలుపున్న గడులకు నూటికి 21 చొప్పున, మిగతావాటికి 5 చొప్పున వస్తుంది. ఒక గడి ముందుకు జరిగింది, మళ్లీ తలుపు కనిపించింది. ఇప్పుడు రెండో గడిలో ఉండే అవకాశం ఒక్కసారిగా 43కు చేరుతుంది. పిల్లలు ఈ లెక్క చేతితో చేయాలి. తర్వాత వరండాలో అట్టముక్కలతో తలుపులు పెట్టి రోబోతో చేయాలి. బేయిస్ సూత్రాన్ని ఇంటర్ లెక్కల్లో ఎర్ర బంతులూ నల్ల బంతులతో చేసిన పిల్లలు, అది ఒక యంత్రానికి తనెక్కడుందో తెలుసుకునే సాధనమని ఇక్కడ మొదటిసారి చూస్తారు. తర్వాత ఇదే పనికి వాడే కాల్‌మన్ ఫిల్టర్ చెప్పాలన్నా, కణాల పద్ధతి (పార్టికిల్ ఫిల్టర్) చెప్పాలన్నా పునాది ఇదే.

మంచి పనికి బహుమతి అంకె, చెడ్డదానికి శిక్ష అంకె ఇస్తూ రోబో తనే నేర్చుకునేలా చేసే రీఇన్ఫోర్స్‌మెంట్ లెర్నింగ్‌ను ఆర్డుయినో ఊనో మీద చేయించండి అంటే చాలామంది నమ్మరు. దాని ఆర్3 రకంలో వర్కింగ్ మెమరీ 2 కిలోబైట్లే. నేను కావాలనే అది ఎంచుకుంటాను. పిల్లలు ముందుగా గదినంతా 10 సెంటీమీటర్ల గడులుగా విడగొడతారు. 3 మీటర్ల గదికి 900 గడులు, నాలుగు దిక్కుల కదలికలు, ఒక్కో గడిలో ఒక్కో కదలిక ఎంత మంచిదో చెప్పే అంకెకు 4 బైట్లు. మొత్తం 14,400 బైట్లు, పట్టదు. అప్పుడు ఆలోచన మొదలవుతుంది: అడ్డంకిని తప్పించుకోవడానికి గదిలో ఎక్కడున్నామో తెలియాలా? ఎడమ, ముందు, కుడి వైపుల్లో ఏముందో తెలిస్తే చాలదా? ఒక్కో వైపు దగ్గర, మధ్యస్థం, దూరం అని మూడు రకాలు. అంటే 27 స్థితులు, మూడు చర్యలు, 81 అంకెలు, 324 బైట్లు. హాయిగా పట్టింది. దేన్ని వదిలేయవచ్చో తేల్చుకోవడం కూడా ఏఐలో పెద్ద విద్యే, క్లౌడ్‌లో ఎంత మెమరీ అయినా దొరికే రోజుల్లో అది నేర్పడానికి ఈ చిన్న బోర్డు కన్నా మంచి సాధనం నాకు కనబడలేదు.

బహుమతి విలువలు ఎలా పెట్టాలో మాత్రం ముందే చెప్పకండి. ఒక జట్టు గుద్దుకుంటే మైనస్ 10, లేకపోతే సున్నా అని పెట్టింది. ఇరవై నిమిషాల శిక్షణ తర్వాత రోబో ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతూ ఉండిపోయింది. పిల్లలు వైర్లు పీకి చూశారు, సెన్సర్ మార్చారు. చివరికి పట్టికలోని అంకెలు ప్రింట్ చేసి చూస్తే రోబో తప్పేమీ చేయలేదు. గుద్దుకోవద్దన్నారు, గుద్దుకోవడం లేదు. ముందుకు పోవాలని ఎవరూ చెప్పలేదు. మనం కోరుకున్నదీ, మనం అంకెల్లో రాసినదీ వేరు కావచ్చన్న సంగతి ఆ జట్టుకు జీవితాంతం గుర్తుంటుంది. రేపు వాళ్లు ఆసుపత్రికో బ్యాంకుకో నిర్ణయాలు చేసే వ్యవస్థలు రాయబోయేవాళ్లు. ఇది ఇరవై ఏళ్ల వయసులో, నష్టం లేని చోట నేర్చుకోవడం చాలా అవసరం.

ఉదాహరణల నుంచి నేర్చుకునే న్యూరల్ నెట్‌వర్క్‌కు నేను కెమెరా కూడా అడగను. ఐదు ఐఆర్ సెన్సర్ల అంకెలు ఇన్‌పుట్, చక్రాల వేగం అవుట్‌పుట్. పిల్లలు రోబోను చేత్తో గీత మీద నడుపుతూ మూడు వందల కొలతలు పోగు చేస్తారు, ల్యాప్‌టాప్‌లో శిక్షణ ఇచ్చి, వచ్చిన విలువల్ని బోర్డులోకి ఎక్కిస్తారు. ఉదయం పది గంటలకు కిటికీ పక్కన అద్భుతంగా నడిచిన రోబో రాత్రి హాస్టల్‌లో గీత వదిలి మంచం కిందికి పోయిందని చెబుతూ మర్నాడు వస్తారు. ఎండలో పరారుణ కాంతి ఎక్కువ, ట్యూబ్‌లైట్ వెలుగులో చాలా తక్కువ. నెట్‌వర్క్ గీతతో పాటు పగటి వెలుగును కూడా నేర్చుకుంది. కొందరు రాత్రి కొలతలు కూడా కలిపి మళ్లీ శిక్షణ ఇస్తారు. కొందరు సెన్సర్ దీపం ఆర్పి ఒకసారి, వెలిగించి ఒకసారి కొలిచి తేడా తీస్తారు. రెండూ సరైన దారులే. ఎవరు ఏది ఎందుకు ఎంచుకున్నారో తరగతిలో వాదించుకోనివ్వండి. రోబో హాస్టల్‌కు వెళ్లకపోయి ఉంటే ఈ పాఠమే ఉండేది కాదు.

రోబోలు మెకానికల్, ఎలక్ట్రానిక్స్ విభాగాల పని, కంప్యూటర్ వాళ్లకు ఎందుకని మీ యాజమాన్యం అడుగుతోందని రాశారు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో 1979లో రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్ ఏర్పడినప్పుడు దానికి వ్యవస్థాపక డైరెక్టర్ మన రాజ్ రెడ్డి గారు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో సివిల్ చదివి, యంత్రం చేత మనిషి మాటలు గుర్తింపజేసే పరిశోధన చేసిన కంప్యూటర్ శాస్త్రవేత్త ఆయన. 1994లో కంప్యూటర్ శాస్త్రంలో అత్యున్నత పురస్కారమైన ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. వినడం, చూడడం, కదలడం, ఆలోచించడం ఒకే శాస్త్రంలో భాగాలని నమ్మినవారికి ఈ విభాగాల గోడలు అడ్డం రావు. మీ యాజమాన్యానికి ఈ మాట చెప్పండి. ఐఐటీ బొంబాయి వారి ఈ-యంత్ర కార్యక్రమం గురించి కూడా చెప్పండి. కేంద్ర ప్రభుత్వ సాయంతో దేశమంతటా కళాశాలల్లో రోబోటిక్స్ ప్రయోగశాలలు పెట్టించి, అధ్యాపకులకు శిక్షణ ఇచ్చి, విద్యార్థులకు పోటీలు నడుపుతున్నారు. మీలాంటివారికి ఆ శిక్షణ బాగా పనికివస్తుంది.

అయితే రోబోతో చెప్పకూడని పాఠాలు కూడా ఉన్నాయి. తర్కం, జ్ఞానాన్ని వాక్యాలుగా రాయడం, షరతులన్నీ తీరే జవాబు వెతికే సమస్యలు, భాషా నమూనాలు, అల్గారిథంల కాల విశ్లేషణ వీటిని రోబో మీద రుద్దితే సమయం వృథా. మోటరు తిరగలేదన్న గొడవలో అసలు విషయం మరుగున పడుతుంది. నా సెమిస్టర్‌లో సగానికి తక్కువ వారాలే రోబోవి. సిమ్యులేటర్ను, అంటే కంప్యూటర్ తెర మీదే రోబోను నడిపించే సాఫ్ట్‌వేర్‌ను కూడా తప్పక వాడండి. వెబాట్స్ అనే సిమ్యులేటర్ 2018 చివరి నుంచి ఉచితంగా దొరుకుతోంది. పది వేలసార్లు నడపవలసిన శిక్షణ సిమ్యులేటర్‌లో చేసి, చివరి ఇరవైసార్లు నేల మీద నడిపించి, రెండింటి మధ్య తేడాను పుస్తకంలో రాయించండి. ఫాగిన్, మెర్కిల్ చూసిన ఇబ్బందికి ఇది కూడా ఒక మందు. రోబో పాడైన రోజు కూడా పని ఆగదు.

మార్కుల సంగతి. రోబో గమ్యం చేరితే మార్కులు అని పెడితే, జట్టులో ఒక్కడే పనిచేసి మిగతా ముగ్గురు చూస్తారు. నేను రోబో గెలుపునకు పదింట రెండు మార్కులే ఇస్తాను. నాలుగు నోటుపుస్తకానికి, నాలుగు వైవాకు. వైవాలో ఒక సెన్సర్ పీకేసో, ఒక చక్రానికి సెల్లో టేపు చుట్టో, ఇప్పుడేమవుతుందని అడుగుతాను. ఊహ తప్పినా కారణం సరిగా వెతికితే పూర్తి మార్కులు. చాట్‌బాట్‌లతో కోడ్ రాయించుకుంటారేమోనని మీరు అడిగారు. రాయించుకోనివ్వండి, నేను ఆపడం లేదు. మీ రోబో కుడి చక్రం ఎంత వెనకబడుతుందో, మీ హాస్టల్ గది ట్యూబ్‌లైట్ ఎక్కడుందో ఏ చాట్‌బాట్‌కూ తెలియదు. అది ఇచ్చిన కోడ్ నేల మీద పడగానే, కొలిచి దిద్దవలసిన పని మళ్లీ పిల్లవాడిదే అవుతుంది.

చివరగా మీ బెరుకు గురించి. నేను కూడా కంప్యూటర్ సైన్సువాణ్ణే. మొదటి ఏడాది బ్యాటరీ తీగలు తారుమారు చేసి రెండు బోర్డులు కాల్చాను. మా ల్యాబ్ అసిస్టెంట్ గారు పాలిటెక్నిక్ చదివినవారు. టంకం పట్టడం, మల్టీమీటరుతో తెగిన వైరును పట్టుకోవడం ఆయనే నాకు నేర్పారు. మీ కళాశాలలోనూ అలాంటివారు ఉంటారు, వెళ్లి అడగండి, గౌరవంగా నేర్చుకోండి. పిల్లల ముందు నాకు తెలియదు, కొలిచి చూద్దాం అనడానికి సంకోచించకండి.

అరవై కిట్లకు ఆర్డర్ పెట్టే ముందు ఒక్కటి సొంతంగా తెప్పించుకోండి. ఈ సెలవుల్లో ఇంట్లో హాలు నేల మీద 2 మీటర్లు టేపు అతికించి, పదిసార్లు నడపండి. ప్రతిసారీ ముందు ఊహ రాసి, తర్వాత ఎంత పక్కకు పోయిందో స్కేలుతో కొలవండి. బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు ఐదుసార్లు, సగం అయ్యాక ఐదుసార్లు. ఆ పది అంకెలూ ఇక్కడ రాయండి. మీ రోబో ఎటు ఒరుగుతుందో చూసి, చక్రాల వేగం ఎలా సర్దాలో అక్కడి నుంచి మొదలుపెడదాం.